బండికే వదిలిన తాళం

గుడివాడ నుంచి నూజివీడు వెళ్ళడానికి నాకు ఏనాడూ బస్సు టైములు అడగాల్సిన అవసరం రాలేదు. ఏటా మే నెలలో ఒక తెల్లవారుజామున మోటారు సైకిలు తీస్తాను. హనుమాన్ జంక్షన్ మీదుగా నూజివీడు దాటి, ముసునూరు దగ్గర ఒక మామిడి తోటకు వెళ్ళి, ఒక పెట్టె పెద్ద రసాలు వెనక కట్టుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తాను. ఈ ఏడు కాయలూ రాలేదు, బండీ రాలేదు. బండిని ఎవడో ఎత్తుకుపోబోయి, కల్వర్టు గోడకు కొట్టి, వదిలేసి పారిపోయాడు. మూడు వారాలుగా అది నూజివీడులో ఒక వర్క్‌షాపు షెడ్డులో ముందు చక్రం వంకరపోయి నిలబడి ఉంది. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున సర్వేయర్ వచ్చి మధ్యాహ్నం మూడింటికి చూస్తానన్నాడు. అందుకని బస్సులో బయల్దేరాను.

ముప్పై ఒక్క సంవత్సరాలు రైల్వే బుకింగ్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కనుక గడియారం చూడకుండా మంచినీళ్ళు కూడా తాగను. ఉదయం ఆరూ పదికి గుడివాడలో జంక్షన్ బస్సు ఎక్కాను. సంచిలో పాలసీ కాగితం, ఆర్.సి., లైసెన్సు, బండి తాళాలు రెండూ ఉన్నాయి. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళెవరైనా రెండో తాళం ఇంట్లో మరిచిపోకండి, రెండూ చూపించమంటారు. వాటితో పాటు టైపు చేయించిన కాగితం ఒకటి ఉంది. ఆ రోజంతా నన్ను నడిపించింది ఆ కాగితమే.

అది మా వీధి ఏజెంటు సుబ్బారావు పుణ్యం. అతను నన్ను బాబాయ్ గారూ అంటాడు. క్లెయిము ఫారం నింపుతూ ఒక గడి దగ్గర ఆగాడు. సంఘటన జరిగినప్పుడు తాళం ఎక్కడ ఉంది అని ఉంది అందులో.

“బండికే ఉంది,” అన్నాను.

అతను పెన్నుకు మూత పెట్టేశాడు. “ఆ మాట ఇంకెక్కడా అనకండి బాబాయ్ గారూ. తాళం బండికే వదిలేసి వెళ్తే అజాగ్రత్త అని రాసేస్తారు. క్లెయిము కొట్టేస్తే రిపేరుకి మీ పెన్షను రెండు నెలలది అటే పోద్ది. తోట కాపలా మనిషికి అప్పగించి లోపలికెళ్ళానని చెప్పండి. వదిలేయడం వేరు, అప్పగించడం వేరు. ఆయన చేత చిన్న కాగితం మీద సంతకం పెట్టించుకురండి, చాలు.”

ఆ చిన్న కాగితం అతనే టైపు చేయించి తెచ్చాడు. ఫలానావారు తమ బండిని, తాళాన్ని నాకు అప్పగించగా, నేను ఏమరపాటుగా ఉన్న సమయంలో దొంగ తీసుకుపోయాడని నాలుగు లైన్లు. కింద సంతకం. సంతకం కింద, పనిలో పెట్టుకున్న యజమాని పేరు, ఫోను నంబరు. ఆ నంబరుకు ఫోన్ చేసి కనుక్కుంటారట, అది లేకపోతే కాగితానికి విలువ ఉండదట. ఒక్క అక్షరం కొట్టివేత ఉంటే కొత్త ఫారం తెచ్చుకోమని జనాన్ని వెనక్కి పంపినవాణ్ణి నేను. ఆ రోజు మాత్రం మారు మాట్లాడకుండా కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. రెండు నెలల పెన్షను మరి.

అసలు జరిగింది ఇది. ఆ తోటల్లో బాట ఒక ట్రాక్టరు పట్టేంతే ఉంటుంది. కోత రోజున వచ్చినవాళ్ళ బండ్లన్నీ గేటు బయట ఆ బాట అంచునే పెడతారు. కాయ ఎత్తడానికి ట్రాక్టరో వ్యానో వచ్చినప్పుడు దగ్గర్లో ఎవరుంటే వాళ్ళు ఆ బండ్లను జరుపుతారు. అందుకని ఎవరూ తాళం తీయరు. ఆ రోజు నేను వెళ్ళేసరికి ఏడు బండ్లున్నాయి, ఏడింటికీ తాళాలు ఉన్నాయి. నేను మాత్రం తాళం జేబులో వేసుకుని పది అడుగులు వేశాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అనుకుంటారేమో అనిపించింది. పదేళ్ళుగా వస్తున్నవాణ్ణి, ఇంకా టౌను మనిషిలా కనిపించడం నాకు నచ్చలేదు. వెనక్కి వచ్చి తాళం మళ్ళీ బండికి పెట్టేశాను. పెట్టమని ఎవరూ అడగలేదు. కాపలా పోలయ్య అప్పుడు గేటు దగ్గరే లేడు, ఎక్కడో లోపల రాలుకాయ ఏరిస్తున్నాడు.

పావుగంట తర్వాత నా బండి స్టార్టయిన చప్పుడు విన్నాను. వ్యాను వచ్చింది కాబోలు, ఎవరో జరుపుతున్నారనుకుని కాయలు చూసుకుంటూ కూర్చున్నాను. చప్పుడు ఆగకుండా దూరమయ్యేసరికి లేచాను. నాకంటే ముందు పోలయ్య లేచాడు. బాట వెంట పోకుండా చెట్ల మధ్య నుంచి అడ్డంగా పరిగెత్తి, ముళ్ళకంచె దూకి, కల్వర్టు దగ్గరికి చేరాడు. అప్పటికే దొంగకు ఎదురుగా పెట్టెల ట్రాక్టరు వచ్చింది. వాడు తప్పించబోయి గోడకు గుద్దుకున్నాడు. పోలయ్యకు వాడి చొక్కా అందింది గానీ మనిషి అందలేదు. పోలయ్య కాలిలో మాత్రం తుమ్మ ముల్లు దిగి లోపలే విరిగింది.

ఆరూ యాభై ఐదుకు హనుమాన్ జంక్షన్‌లో దిగాను. బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీ, ఒక గారె తిన్నాను. అల్లం పచ్చడి బాగుంది, చట్నీ నీళ్ళు. ఏడూ పాతికకు నూజివీడు బస్సు. నా పక్కన బాపులపాడు రైతు ఒకాయన కూర్చున్నాడు. తోట మందుల కోసం వెళ్తున్నాడట. బండి సంగతి చెప్పి, మీరూ తాళం వదిలేస్తారా అని అడిగాను.

“తీసుకుపోతే ఎట్టాగండి? మొన్నొకాయన తాళం జేబులో వేసుకుని పోయాడు. నలుగురం కలిసి బండి ఎత్తి చేలో పెట్టాం.”

“మరి ఎవడైనా ఎత్తుకుపోతే?”

“ఇప్పటిదాకా పోలేదండి మావైపు,” అన్నాడు. ఆ తర్వాత నూజివీడు వచ్చేదాకా ఆయన తన బండి గురించే ఆలోచిస్తున్నట్టు నాకు అనిపించింది.

ఎనిమిదీ పదికి నూజివీడు. పోలీసు స్టేషన్‌కు నడిచి వెళ్ళాను. ఎఫ్ఐఆర్ కాపీ పదీ ఐదుకు చేతికి వచ్చింది. దొంగ ఇంకా దొరకలేదని, దొరికితే ఫోన్ చేస్తామని అక్కడి కానిస్టేబులు మర్యాదగానే చెప్పాడు. బయట జిరాక్సు షాపులో మూడు కాపీలు తీయించుకుని చదువుకున్నాను. నేను ఇచ్చిన ఫిర్యాదులో తాళం మాట ఎక్కడా లేదు. అంటే క్లెయిము ఫారంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది, అందులో ఏది రాయాలో నా ఇష్టం.

పదిన్నరకు షేర్ ఆటోలో బయల్దేరి పదకొండూ పదికి ముసునూరు ఇవతల తోటబాట దగ్గర దిగాను. అక్కడి నుంచి నడక. బంగినపల్లి, రసాలు అయిపోయాయి. కలెక్టరు కాయ మాత్రం ఇంకా చెట్లకు వేలాడుతోంది. రాలి చితికిన కాయల పులుపు వాసన బాట పొడుగునా ఉంది. కల్వర్టు గోడకు నా బండి రంగు ఇంకా అంటుకునే ఉంది. గేటు దగ్గర మూడు బండ్లున్నాయి, మూడింటికీ తాళాలు ఉన్నాయి. చేతులు కాలినా ఇక్కడ ఎవరూ ఆకులు పట్టుకోలేదన్నమాట. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

ఆ వైపు రైతులు చాలామంది పూత మీదే పంటను వ్యాపారికి అమ్మేస్తారు. కొన్న షావుకారు తన మనిషిని కాపలా పెడతాడు. ఆ మనిషి భార్యతో సహా తోటలోనే పాక వేసుకుని, ఆఖరి కాయ బండెక్కేదాకా ఉంటాడు. పోలయ్య, అతని భార్య నాగమ్మ పదిహేనేళ్ళుగా ఇలా ఏటా నాలుగైదు నెలలు ఏదో ఒక తోటలో బతుకుతున్నారు. మిగతా రోజుల్లో వరి పనులు. షావుకారు ఒకడే, తోటలే మారుతుంటాయి. నేను వెళ్ళే తోట రైతు పోయిన రెండేళ్ళుగా ఆ షావుకారుకే అమ్ముతున్నాడు, అలా వీళ్ళతో నాకు పరిచయం.

“రండి బాబుగారూ. బండి బాగయిందాండి?” అన్నాడు పోలయ్య నులకమంచం మీద నుంచి లేవబోతూ. కాలికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ముల్లు తీశారట, చీము ఇంకా తగ్గలేదట.

“కూర్చో పోలయ్యా. ఈ రోజే చూడ్డానికి వస్తున్నారు.”

నాగమ్మ ముందు భోజనం అంది, తర్వాతే మాటలంది. పన్నెండింటికి మామిడికాయ పప్పు, వడియాలు, మజ్జిగ. ఆకలి మీద ఉన్నానేమో, మొహమాటపడకుండా తిన్నాను. ఆవిడ తర్వాత తింటానంది. చెయ్యి కడుక్కుని సంచిలోంచి కాగితం తీశాను. చదివి వినిపించమన్నాడు పోలయ్య. చదివాను. ఏమరపాటుగా అన్న మాట దగ్గర నా గొంతు తగ్గింది, అది నాకే తెలిసింది.

“అంతేగదండి. పెడతాను,” అన్నాడు. “నా కాపలాలో ఉన్న తోట ముందు పోయింది మీ బండి. నాకిచ్చినట్టే లెక్క.”

“నువ్వు గేటు దగ్గర లేవు కదా.”

“లేకపోవడమే తప్పండి మరి.”

నాగమ్మ స్తంభానికి ఆనుకుని వింటోంది. “ఆ కాగితం ఎక్కడికి పోద్దండి?” అని అడిగింది.

“కంపెనీ ఆఫీసుకు.”

“అడుగున ఏదో యజమాని అన్నారు.”

“మీ షావుకారు పేరు, ఫోను నంబరు రాయాలమ్మా. వాళ్ళు ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటారు.”

ఆవిడ మామూలుగానే చెప్పింది. “చాట్రాయి వైపు మా బావగారు కాపలా ఉండేవోడండి. రెండేళ్ళ కింద ఆయన తోటలో ఆరు పెట్టెల కాయ పోయింది. ఆయన తప్పు లేదనే అన్నారండి అందరూ. మళ్ళీ పిలిచినోడు మాత్రం లేడు.”

“ఊరుకోవే,” అన్నాడు పోలయ్య. “ఈయన పదేళ్ళ నించీ ఈ తోటకి వస్తున్న మనిషి.”

నేను అప్పుడే కాగితం మడిచి సంచిలో పెట్టేసి ఉండాల్సింది. పెట్టలేదు. పెన్ను ఇచ్చాను. పోలయ్య ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాశాడు. షావుకారు నంబరు తన ఫోనులో తీసి చూపించాడు. సంతకం కింద దాన్ని నేనే, నా దస్తూరీతోనే రాశాను. పది అంకెలూ సరిగ్గా ఉన్నాయో లేదో కౌంటర్లో చూసినట్టు రెండుసార్లు సరిచూశాను కూడా. ఇప్పుడు తలచుకుంటే ఆ సరిచూసుకోవడమే ఎక్కువ బాధగా ఉంది.

ఒంటిగంట దాటాక బయల్దేరాను. పోలయ్య కుంటుకుంటూ గేటు దాకా వచ్చాడు. వచ్చినప్పుడల్లా గేటు దాకా వచ్చి పచ్చడికని నాలుగు కాయలు సంచిలో పడేసే నాగమ్మ ఈసారి పాకలోంచి బయటికి రాలేదు.

ఆటో కోసం రోడ్డు మీద ముప్పావుగంట నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. నా వైపు నుంచి నేను లెక్కలు వేసుకున్నాను. షావుకారుకు ఆ ఫోను వస్తుందో రాదో. వచ్చినా పోయింది బండే గానీ కాయ కాదు, అతనికేం పట్టింది. పోలయ్య పదిహేనేళ్ళుగా నమ్మకస్తుడు, ఒక్క మాటకు తీసేస్తాడా. ఇలా ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయాను. కాపలావాడికి నమ్మకస్తుడన్న పేరే ఆస్తి, దాన్ని నేను నా ముందు చక్రం కోసం కుదువ పెడుతున్నాను అన్న సంగతి మాత్రం ఎటు తిప్పినా మళ్ళీ అక్కడికే వచ్చేది. ముల్లు దిగిన కాలు అతనిది, ఏమరపాటు నాది. కాగితంలో మాత్రం తిరగబడి ఉంది.

రెండూ నలభైకి వర్క్‌షాపు చేరాను. మెకానిక్కు టీ తెప్పించాడు. “ఫోర్కులు మార్చాలండి, రిమ్ము, హెడ్‌లైటు, హ్యాండిలు. ట్యాంకు సొట్ట తీస్తాను,” అన్నాడు. సర్వేయర్ మూడూ ఇరవైకి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, చొక్కా చెమటకు తడిసి ఉంది. బండిని నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీశాడు. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాడు. రెండు తాళాలూ పెట్టి చూశాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని ప్యాడ్ తీశాడు.

“సంఘటన జరిగినప్పుడు తాళం ఎక్కడుందండి?”

సంచి నా ఒళ్ళోనే ఉంది. చెయ్యి లోపల పెట్టాను కూడా, కాగితం అంచు వేళ్ళకు తగిలింది. బుకింగ్ కౌంటర్లో నేను వేలమందిని ఇలాగే అడిగి ఉంటాను, వయసు ఎంత, రాసింది నిజమేనా అని. అవతల నిలబడి చూడ్డం ఇదే మొదటిసారి.

“బండికే ఉంది,” అన్నాను.

అతను తలెత్తాడు. “కాపలా మనిషికి ఇచ్చారని మీ ఏజెంటు ఫోన్లో చెప్పాడే.”

“ఆయనకు ఆ మాట నేను చెప్పలేదు. నేనే వదిలాను. కాపలా మనిషి అప్పుడు అక్కడ లేడు.”

“ఎందుకు వదిలారు సార్?”

“అక్కడ అందరూ వదులుతారు. బాట ఇరుకు. కాయ బండి వస్తే ఎవరో ఒకరు జరపాలి.”

అతను వెంటనే రాయలేదు. “ఇలా రాస్తే ఇబ్బంది సార్. మొత్తం కొట్టేయొచ్చు, కోత వేసి ఎంతో కొంత ఇవ్వొచ్చు. అది నా చేతిలో లేదు. రాయమంటారా?”

“రాయండి. ఎందుకు వదిలానో అది కూడా రాయండి. దొంగ వెంట పడింది కాపలా మనిషే అని కూడా.”

మూడూ రాశాడు. చదివి సంతకం పెట్టాను. మెకానిక్కు నా వంక జాలిగా చూశాడు. దొంగకు తాళం చెవి ఇచ్చినవాణ్ణి చూసినట్టు కాదు, సర్వేయర్‌కు నిజం చెప్పినవాణ్ణి చూసినట్టు. రిపేరు మొదలుపెట్టమంటారా, జవాబు వచ్చేదాకా ఆగమంటారా అని అడిగాడు. మొదలుపెట్టమన్నాను.

నాలుగూ నలభై అయిదుకు జంక్షన్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మంచి పని చేశానన్న సంతోషం ఏమీ కలగలేదు. సుబ్బారావు ఏమంటాడో, ఇంట్లో ఏం చెప్పాలో అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కంపెనీ నుంచి ఇది రాసేనాటికి జవాబు రాలేదు, మొత్తం వస్తుందన్న ఆశ నాకూ లేదు. ఇక ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఆ తోటల మనుషులు తాళం తీయకపోవడం తెలివితక్కువతనం కాదు, ఒకరి బండి ఒకరు జరుపుకునే ఊళ్ళవి. మన బండి మన జేబులోని తాళంతోనే భద్రమనుకుంటే నిక్షేపంగా తాళం తీసుకోండి, వాళ్ళు ఎత్తి పక్కన పెడతారు. వదిలితే మాత్రం, వదిలింది నేనేనని చెప్పుకోవడానికి సిద్ధపడి వదలండి.

అయిదూ పదికి ఫోన్ మోగింది. పోలయ్య.

“బాబుగారూ, పని అయిందాండి?”

“అయింది పోలయ్యా. నీ కాగితం ఇవ్వలేదు. తాళం నేనే బండికి వదిలానని చెప్పాను.”

“మీకు డబ్బు రాదేమోనండి మరి,” అన్నాడు.

“వచ్చినంత వస్తుంది.”

“మా ఆవిడ మీరు వెళ్ళిన కాడ్నించీ అన్నం ముట్టలేదండి. సంతకం వద్దని నాతో అన్లేదు, తినడం మాత్రం...” అంటుండగానే ఫోన్ చేతులు మారింది. నాగమ్మ ఏ పలకరింపూ లేకుండా అడిగింది.

“ఆ కాగితం ఏం చేశారండి?”

“సంచిలోనే ఉందమ్మా. ఎవరికీ చూపించలేదు.”

“చింపేయండి.”

“ఇంటికెళ్ళి చింపేస్తాను.”

“ఇప్పుడు చింపండి బాబుగారూ. ఫోను దగ్గర పెట్టుకుని చింపండి. నేను వింటాను.”

నా మీద నమ్మకం పోయిందని ఆవిడ పైకి అనలేదు, కానీ పోయింది. పోవడం న్యాయమే. కాగితం తీసి, ఫోను ఒళ్ళో పెట్టుకుని, మధ్యకు చించాను. మందపాటి కాగితం, బాగానే చప్పుడైంది. పక్క సీటాయన తిరిగి చూశాడు.

“ఇంకోసారండి,” అంది ఒళ్ళోంచి ఆవిడ గొంతు.

రెండు ముక్కలూ కలిపి మళ్ళీ చించాను. పోలయ్య పేరు ఒక ముక్కలోకి, షావుకారు నంబరు ఇంకో ముక్కలోకి పోయాయి. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

“వినపడిందండి,” అంది. ఫోను ఎక్కడో కింద పెట్టినట్టుంది, ఆపడం మరిచిపోయారు. కుండ మూత తీసిన చప్పుడు, పళ్ళెం నేల మీద పెట్టిన చప్పుడు వినిపించాయి. ముందు నువ్వు తిను అంటున్నాడు పోలయ్య. జంక్షన్ వచ్చి కండక్టరు కేకేసేదాకా నేను ఫోను చెవి దగ్గర్నుంచి తీయలేదు.